ప్రతి ఎండాకాలం కారు ఏసీకి గ్యాస్ పట్టించాలా? డబ్బా కొని ఇంట్లోనే ఎక్కించుకోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత హ్యాచ్‌బ్యాక్, గుంటూరు నుంచి విజయవాడకు రోజూ ఆఫీసు ప్రయాణం. ఏటా ఎండలు ముదిరేసరికి కూలింగ్ తగ్గిపోతోంది. షాపువాళ్లు "గ్యాస్ అయిపోయిందండీ" అని ఎక్కిస్తున్నారు, మళ్లీ ఏడాది తిరిగేసరికి అదే కథ. ఈసారి గొట్టం, చిన్న మీటరుతో ఆన్‌లైన్‌లో దొరికే గ్యాస్ డబ్బా కొని ఇంటి దగ్గరే ఎక్కించుకుంటే ఏమవుతుందని ఒక ప్రశ్న. టూవీలర్ షెడ్డు నడిపే మీ బావమరిది ప్రెషర్ చూసే గేజీల సెట్టు కొన్నాడు, కార్ల ఏసీ పని కూడా మొదలుపెడతానంటున్నాడు, అతను ఏం జాగ్రత్తలు తీసుకోవాలని రెండోది.

మొదటిదానికి జవాబు: వద్దు. రెండోదానికి: నేర్చుకోవచ్చు, పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు, కానీ గేజీల సెట్టు ఒక్కటి పట్టుకుని దిగే పని కాదు. నేను ఆటోనగర్‌లో కార్ల ఏసీ పనే చేస్తాను, కార్లలో ఆర్‌12 అనే పాతకాలపు ఏసీ గ్యాస్ ఉన్న రోజుల నుంచి. మా దగ్గరికి వచ్చే బళ్లలో చెడిపోయి వచ్చేవాటికన్నా ఎవరో "బాగుచేసి" పంపితే వచ్చేవే ఎక్కువ కష్టపెడతాయి. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. కంప్రెషర్ దాన్ని నొక్కుతుంది, ముందున్న కండెన్సర్‌లో వేడి వదిలి ద్రవమవుతుంది, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటి డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో మళ్లీ ఆవిరవుతుంది, తిరిగి కంప్రెషర్‌కి వస్తుంది. మూసిన దారిలో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు హోసుల్లోంచి, కంప్రెషర్ షాఫ్ట్ సీలు దగ్గర ఏటా కొద్ది గ్రాములు జారిపోవడం మామూలే. కొన్నేళ్లకు కూలింగ్ కాస్త మందగించడానికి అది కారణం కావచ్చు. ఏటా ఖాళీ అవుతోందంటే మాత్రం ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతక్కుండా గ్యాస్ పట్టించడమంటే ఏటా డబ్బు గాలిలోకి వదలడం. డబ్బు సంగతి అలా ఉంచినా, గ్యాస్‌తో పాటు కంప్రెషర్ నూనె కూడా కొంచెం కొంచెంగా పోతుంది. దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. మూడో ఏడో నాలుగో ఏడో కంప్రెషర్ పట్టేస్తుంది, అప్పుడు బిల్లు చూసి బాధపడతాం.

ఇప్పుడు డబ్బా సంగతి. దాంతో వచ్చే మీటరు మీద పచ్చ, పసుపు, ఎరుపు రంగులుంటాయి. ముల్లు పచ్చలోకి వస్తే చాలనిపిస్తుంది. అసలు తిరకాసు అక్కడే ఉంది. ఆ మీటరు లో సైడ్ (కంప్రెషర్‌కి గ్యాస్ తిరిగొచ్చే వైపు) ప్రెషర్ ఒక్కటే చూపిస్తుంది, లోపల ఎన్ని గ్రాములున్నాయో చెప్పదు. ఇంజిను ఆపి, బండి చల్లబడ్డాక చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. బయట 35 డిగ్రీలున్నప్పుడు, ఇప్పటి కార్లలో ఎక్కువగా ఉండే గ్యాస్ ఆర్‌134ఏ ప్రెషర్ దాదాపు 114 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) ఉంటుంది. లోపల 200 గ్రాములున్నా అంతే, 450 గ్రాములున్నా అంతే. కొంచెమైనా ద్రవం మిగిలి ఉన్నంతవరకు ప్రెషర్ ఆ పూట వేడిని బట్టి ఉంటుంది తప్ప గ్యాస్ ఎంతుందన్నదాన్ని బట్టి కాదు. ఇంట్లో వంటగ్యాస్ సిలిండర్ సగమైనా పొయ్యి మంట తగ్గదు కదా, ఎంత మిగిలిందో చూడాలంటే ఎత్తి చూడాల్సిందే. కారు ఏసీకీ అదే న్యాయం.

ఏసీ నడుస్తున్నప్పుడు చూస్తే ముల్లు ఇంకా తికమక పెడుతుంది. లో సైడ్ తక్కువ చూపిస్తే గ్యాస్ తక్కువై ఉండొచ్చు, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుపోయి ఉండొచ్చు, క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో నిండి కాయిల్ మీదుగా గాలి ఆడకపోయి ఉండొచ్చు. ఎక్కువ చూపిస్తే గ్యాస్ ఎక్కువై ఉండొచ్చు, కంప్రెషర్ అరిగి ఉండొచ్చు, కండెన్సర్ ఫ్యాను తిరగక కూడా కావచ్చు. హై సైడ్ (కంప్రెషర్ నొక్కి పంపే వైపు) గేజి పక్కన పెట్టుకోకుండా వీటిని విడదీయలేం. మామూలుగా నడిచే 134ఏ బండిలో లో సైడ్ 30 నుంచి 45, హై సైడ్ మన ఎండలకు 200 నుంచి 300 పీఎస్ఐ మధ్య ఆడుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి చూసే అంకె, జనవరి పొద్దున చూసే అంకె ఒకటి కావు. వీడియోలో చూపించే అంకె వేరే దేశపు చలికాలంలోది అయి ఉండొచ్చు.

ముల్లును నమ్మి ఎక్కువ పోశారనుకోండి. చిన్న కార్లలో మొత్తం పట్టేదే 350 నుంచి 500 గ్రాముల దాకా. అందులో 100 గ్రాములు ఎక్కువైతే చిన్న విషయం కాదు. హై సైడ్ ప్రెషర్ పెరుగుతుంది, కూలింగ్ తగ్గుతుంది (చాలామంది ఇక్కడ "ఇంకా గ్యాస్ చాల్లేదు" అనుకుని ఇంకొంచెం పోస్తారు), ద్రవం కంప్రెషర్‌లోకి వచ్చి దాని వాల్వులు విరిచేస్తుంది. డబ్బాను పొరపాటున హై సైడ్‌కి తగిలిస్తే సంగతి మరీ దారుణం. ఏసీ లైనులోని ప్రెషర్ తిరిగి డబ్బాలోకి వచ్చి చేతిలోనే పేలవచ్చు. అసలు గొట్టాన్ని ఏసీ లైను మూతికి (పోర్టుకు) తగిలించే కప్లర్లు ఆ పొరపాటు జరగకుండానే తయారవుతాయి. లో సైడ్ పోర్టు సన్నం, హై సైడ్ పోర్టు లావు, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. కానీ దేనికైనా పట్టే అడాప్టర్లు చవగ్గా అమ్ముతున్నారు, ఆ రక్షణ కాస్తా అలా పోతోంది. ఇంకోటి, కొన్న డబ్బాను డిక్కీలో పడేసి తిరగకండి. మే నెల ఎండలో ఆపిన కారు లోపల 60 డిగ్రీలు దాటగలదు. ఆ వేడికి 134ఏ ప్రెషర్ 230 పీఎస్ఐ దగ్గరకు పోతుంది. "లీకు కూడా మూసేస్తుంది" అని రాసి ఉన్న డబ్బాలైతే అస్సలు ముట్టుకోవద్దు. ఆ జిగురు లీకును మూసినా మూయకపోయినా ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ను మూసేయవచ్చు. తర్వాత ఆ గ్యాస్ తీసిన వాళ్ల మెషీన్‌ను కూడా చెడగొడుతుంది.

మరి మీరు స్వయంగా చేసుకోగలిగింది లేదా అంటే ఉంది, అది ప్రమాదం లేని పని కూడా. బండి ముందు గ్రిల్‌లోంచి టార్చి వేసి కండెన్సర్ చూడండి. మీది గుంటూరు కాబట్టి చెప్తున్నాను. మిర్చి యార్డు వైపు, జిన్నింగు మిల్లుల వైపు తిరిగే బళ్ల కండెన్సర్లలో దుమ్ముతో పాటు పత్తి పీచు చాపలా పేరుకుని ఉంటుంది. గాలి దూరే సందుండదు. ఇంజిను పూర్తిగా చల్లారాక మామూలు పైపుతో నెమ్మదిగా నీళ్లు పట్టండి. వాషింగు గన్ను దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి. తర్వాత గ్లవ్ బాక్స్ వెనక ఉండే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. ఆ తర్వాత ఏసీ వేసి, ముందు ఫ్యాను తిరుగుతోందో లేదో దూరం నుంచి చూడండి. కొన్ని బళ్లలో ఇంజిను ఆపినా ఫ్యాను దానంతటదే మొదలవుతుంది. భుజం మీద తుండు, చేతికి కడియం ఉంటే తీసేసి బానెట్ ఎత్తండి. "గ్యాస్ అయిపోయింది" అనిపించుకుని వచ్చే బళ్లలో కొన్నింటికి ఈ మూడింటితోనే కూలింగ్ వచ్చేస్తుంది.

ఇవన్నీ బాగానే ఉండి కూలింగ్ లేదంటే అప్పుడు లీకు వెతకాలి. గ్యాస్ పోయే చోట నూనె కూడా వస్తుంది, నూనెకు దుమ్ము అంటుతుంది. అందుకే ముందు కళ్లతో చూస్తాం. పైపు జాయింటు దగ్గర, కండెన్సర్ అంచున, కంప్రెషర్ క్లచ్ వెనక నల్లగా తడిగా ఉన్న మచ్చ కనిపిస్తే సగం పని అయినట్టే. సర్వీసు పోర్టు మీది ప్లాస్టిక్ మూత లేకపోతే ముందు అక్కడే అనుమానించాలి. లోపల ఉండే పిన్ను బైకు టైరు వాల్వ్ పిన్నులాంటిదే, ఇసుక రేణువు పడితే చాలు సన్నగా వదిలేస్తుంది. పిన్ను మార్చడం చాలా చిన్న ఖర్చు. ఏళ్ల తరబడి గ్యాస్ పట్టించుకుని చివరికి పిన్ను మార్చుకుని వెళ్లినవాళ్లు ఉన్నారు.

కంటికి కనపడకపోతే మిగిలిన గ్యాస్ తీసేసి, నైట్రోజన్ పెట్టి సబ్బు నురగ పూస్తాం. కండెన్సర్ కింది మూల లీకు ఎలా దొరుకుతుందో చెప్తాను. హైవే మీద లేచిన కంకర రాయి తగిలి సన్నని చిల్లు పడుతుంది, పైకి గీత కూడా కనపడదు. నురగ పూసిన వెంటనే ఏమీ జరగదు. చూసేవాడు విసుగొచ్చి లేచిపోతాడు. కదలకుండా అక్కడే కూర్చుంటే రెండు మూడు నిమిషాలకు ఒక రేకు సందులోంచి ఆవగింజంత బుడగ లేస్తుంది, పగలదు, దాని పక్కనే ఇంకోటి పుడుతుంది. ఆ రెండో బుడగ కనపడేదాకా నేను దాన్ని లీకు అనను, ఎందుకంటే మొదటిది మన కుంచె వదిలిన గాలి కూడా కావచ్చు. డ్యాష్‌బోర్డు లోపలి కాయిల్ లీకైతే సబ్బు పూయడానికి చెయ్యి దూరదు. నీళ్లు కారే డ్రెయిన్ పైపు దగ్గర ఎలక్ట్రానిక్ డిటెక్టర్ పెట్టి చూడాలి. అది మార్చాలంటే డ్యాష్‌బోర్డు విప్పాలి, ఖర్చు బాగానే అవుతుంది. అందుకే ఖాయం చేసుకోకుండా ఎవరైనా "కాయిల్ పోయింది" అంటే ఒప్పుకోకండి.

ఇక మీ బావమరిదికి. అతని షెడ్డులో టైర్లకు గాలి పట్టే కంప్రెషర్ ఉంటుంది కాబట్టి ముందుగా ఈ మాట. లీకు చూడటానికి ఏసీ లైనులోకి ఆ గాలి కొట్టకూడదు. 134ఏ మామూలుగా మండదు, కానీ ప్రెషర్‌తో ఉన్న గాలిలో కలిస్తే మండే పరిస్థితి వస్తుంది. పైగా ఆ గాలిలోని తేమంతా లోపలికి పోతుంది. వెల్డింగు షాపు పక్కనుందని ఆక్సిజన్ సిలిండర్ తగిలించడం ఇంకా ఘోరం, ప్రెషర్‌తో ఉన్న ఆక్సిజన్‌కి నూనె తగిలితే పేలుతుంది. డ్రై నైట్రోజన్ ఒక్కటే వాడాలి, అదీ రెగ్యులేటర్ పెట్టే. నిండు నైట్రోజన్ సిలిండర్లో 150 బార్ దాకా ఉంటుంది, అంటే 2,000 పీఎస్ఐ పైమాటే. రెగ్యులేటర్ లేకుండా వాల్వ్ తిప్పితే కండెన్సర్ చీలిపోతుంది. లైనులో 150 పీఎస్ఐ చాలు.

విప్పే ముందు లోపలున్న గ్యాస్‌ను రికవరీ మెషీన్‌తో సిలిండర్లోకి తీసుకోవాలి. మన దగ్గర ఎక్కువమంది చేసేది పిన్ను నొక్కి గాలిలోకి వదిలేయడం. 134ఏ ఓజోన్ పొరకు హాని చేయదు, ఆ పాపం ఆర్‌12ది. కానీ భూమిని వేడెక్కించడంలో కిలో 134ఏ సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఒక చిన్న కారులోని 450 గ్రాములు వదిలేస్తే దాదాపు 280 లీటర్ల పెట్రోలు కాల్చినంత. ఇది పర్యావరణం కబురులే అని కొట్టిపారేసేవాళ్లకు వ్యాపారం మాట చెప్తాను. 2016 నాటి కిగాలీ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఇలాంటి గ్యాసుల వాడకం 2028 తర్వాత పెరగకూడదు, 2032 నుంచి తగ్గుతూ 2047 నాటికి 85 శాతం కోత పడాలి. సరుకు తగ్గితే ధర ఎటు పోతుందో ఆటోనగర్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇవాళ గాలిలోకి వదిలేది రేపు కొనుక్కోవాల్సిందే.

రికవరీ సిలిండర్ను 80 శాతం మించి నింపకూడదు, వేడికి ద్రవం ఉబ్బడానికి చోటుండాలి. కొత్త గ్యాస్‌తో వచ్చే లేత నీలం సిలిండర్ ఒకసారి వాడి పారేయడానికే, దాంట్లో మళ్లీ నింపే ప్రయత్నం చేయకూడదు. చలికాలంలో గ్యాస్ నెమ్మదిగా వస్తోందని సిలిండర్ కింద మంట పెట్టే మహానుభావులున్నారు. గోరువెచ్చని నీళ్ల బకెట్లో నిలబెడితే సరిపోతుంది, 50 డిగ్రీలు దాటకూడదు.

తర్వాత వ్యాక్యూమ్, అంటే పంపుతో లైనులోని గాలి, తేమ లాగేయడం. పని తెలిసినవాడు ఎవరో ఇక్కడే తెలిసిపోతుంది. లైనులో తేమ మిగిలితే రెండు రకాల కీడు. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి కూలింగ్ కాసేపు వస్తుంది, కాసేపు పోతుంది. నెలల మీద నూనెతో కలిసి ఆమ్లంగా మారి లోపలి అల్యూమినియాన్ని తినేస్తుంది. వ్యాక్యూమ్ తేమను ఆవిరి చేసి లాగేస్తుంది. నీళ్లు 35 డిగ్రీల దగ్గర దాదాపు 42 మిల్లీమీటర్ల పాదరసం ప్రెషర్‌కే మరుగుతాయి, 20 డిగ్రీల దగ్గరైతే 17 దాకా దిగాలి. మన ఎండ ఏసీ మెకానిక్కుకు చేసే మేలు ఏదైనా ఉంటే ఇదొక్కటే. పాత ఫ్రిజ్ కంప్రెషర్‌ను తిరగేసి పంపులా వాడే అలవాటు మానుకుని మంచి రెండు స్టేజీల పంపు కొనమనండి. అరగంటకు తగ్గకుండా లాగి, వాల్వులు మూసి, మరో అరగంట అలా వదిలేయాలి. ముల్లు కదిలిందంటే లీకు ఉంది లేదా తేమ ఇంకా ఉంది. కస్టమర్ తొందరపెడుతున్నాడని ఆ అరగంట మింగేయకూడదు. కంప్రెషర్‌లో పోసే పీఏజీ నూనె సీసా మూత కూడా వాడిన వెంటనే బిగించాలి. కృష్ణా తీరపు ఉక్కపోతలో అది గాలిలోని తేమను తాగేస్తుంది.

గ్యాస్ ఎక్కించడం చివరి పని, అదే అన్నిటికన్నా సులువు కూడా. బానెట్ కింద స్టిక్కరు మీద ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అని రాసి ఉంటుంది. సిలిండర్ను ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి, అన్ని గ్రాములు తగ్గేదాకా పోయాలి. కాటా లేనివాడు ఏసీ పని మొదలుపెట్టకూడదు అంటాను నేను, గేజీలు ఆ తర్వాత కొనుక్కోవచ్చు. ఇంజిను నడుస్తుండగా లో సైడ్ నుంచి, సిలిండర్ నిలబెట్టి, ఆవిరిగా మాత్రమే పోయాలి. ఆ సమయంలో గేజీల ఎర్ర (హై సైడ్) వాల్వ్ ముట్టుకోకూడదు. కంప్రెషర్‌ను ఇంజినుకు కలిపే క్లచ్ పడటం లేదని ప్రెషర్ స్విచ్‌కు వైరు ముక్క పెట్టి కలిపేయడం మన షెడ్లలో ఎక్కువ. గ్యాస్ మరీ తక్కువైనా, ప్రెషర్ మరీ ఎక్కువైనా కంప్రెషర్ను ఆపడానికే ఆ స్విచ్ ఉంది. ఆ ముక్క అక్కడే మరచిపోయి బండి పంపిస్తే, ఫ్యాను ఆగిన రోజు రోడ్డు మీద హోసు పగులుతుంది.

కల్తీ గ్యాస్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే గేజీలు దాన్ని పట్టుకోలేవు. చవగ్గా కూలింగ్ తెప్పించడానికి వంటగ్యాస్ కొట్టే చోట్లున్నాయి. ప్రొపేన్, బ్యూటేన్ పాళ్లను బట్టి దాని ప్రెషర్ 134ఏకి దగ్గరగానే ఉండగలదు, కూలింగ్ కూడా బాగానే వస్తుంది. అందుకే కస్టమర్ సంతోషంగా వెళ్లిపోతాడు. కాయిల్ లీకైన రోజు ఆ గ్యాస్ వచ్చేది అద్దాలు మూసిన కారులోకి. గాలిలో 2 శాతం చేరితే చాలు, ఒక్క లైటరు, ఒక్క స్విచ్ మెరుపు సరిపోతుంది. "ఫ్రిజ్‌లో కూడా మండే గ్యాసేగా" అని వాదిస్తారు. నిజమే, ఇప్పటి ఫ్రిజ్‌లలో ఆర్‌600ఏ ఉంటుంది. కానీ అది కొన్ని పదుల గ్రాములే, మూసి అతికిన లైనులో ఉంటుంది, మన తలకాయల ముందు డ్యాష్‌బోర్డులో ఉండదు. వేరే షాపు నుంచి వచ్చిన బండికి పిన్ను కాస్త నొక్కినప్పుడు వంటింటి వాసన వచ్చిందంటే మా దగ్గర పని ఆగిపోతుంది. బండిని ఆరుబయటికి నెట్టి, చుట్టుపక్కల మంటా మెరుపూ లేకుండా చూసుకుని, అప్పుడే ఆలోచిస్తాం. దాన్ని మామూలు రికవరీ మెషీన్‌తో లాగకూడదు, మెషీన్ మోటారు మెరుపే చాలు.

ఇంకో రకం కల్తీ ఆర్‌40, అంటే మిథైల్ క్లోరైడ్. 134ఏ అని లేబులు వేసిన సిలిండర్లలో ఇది దొరికిన సందర్భాలు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. ఇది విషం, మండుతుంది, పైగా అల్యూమినియంతో కలిసి గాలి తగిలితేనే అంటుకునే పదార్థం పుట్టిస్తుంది. 2011లో వియత్నాంలో సర్వీసు చేసిన రిఫ్రిజిరేటెడ్ కంటెయినర్లు ఇందువల్లే పేలి, వాటి మీద పనిచేసేవాళ్లు చనిపోయారు. కారు ఏసీలో కంప్రెషర్, కండెన్సర్, కాయిల్ అన్నీ అల్యూమినియమే. కాబట్టి బిల్లు లేని, సీలు అనుమానంగా ఉన్న, ధర మరీ తక్కువైన సిలిండర్ కొనొద్దు. పని పెరిగాక, సిలిండర్లో ఉన్నది ఏ గ్యాసో చూపించే ఐడెంటిఫయర్ కొనుక్కోవాలి. అది లేనంతవరకు ఒక చిన్న పరీక్ష: సిలిండర్ రాత్రంతా నీడలో ఉంచి, పొద్దున అక్కడి వేడికి 134ఏ పట్టికలో ఉన్న ప్రెషర్‌తో పోల్చి చూడటం. బాగా తేడా ఉంటే గాలో, ఇంకో గ్యాసో కలిసినట్టు. తేడా లేనంత మాత్రాన మంచిదని రూఢి కాదు, పైన చెప్పినట్టు కల్తీ గ్యాస్ ప్రెషర్ కూడా 134ఏకి దగ్గరగానే ఉండగలదు.

ఒంటికి సంబంధించిన జాగ్రత్తలు. 134ఏ మామూలు గాలిలో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ద్రవం చర్మం మీద పడితే అక్కడికక్కడ గడ్డకట్టిస్తుంది. కళ్లద్దాలు లేకుండా కప్లర్ విప్పకూడదు, మామూలు చూపు కళ్లజోడు సరిపోదు, పక్కలు కూడా మూసే గాగుల్స్ కావాలి. చేతులకు గ్లవ్స్. కంట్లో పడితే నలపకుండా కనీసం పావుగంట మంచినీళ్లతో కడుగుతూ ఉండి, ఆసుపత్రికి వెళ్లాలి. చేతి మీద పడితే గోరువెచ్చని నీళ్లు, రుద్దకూడదు, మంట దగ్గర కాచకూడదు.

ఈ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు, కిందికే పేరుకుంటుంది. వడగాలికి షట్టరు సగం దించి పని చేసే రోజుల్లో, బండి కింద గొయ్యిలో దిగి పని చేసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. వాసన తెలియకుండానే ఊపిరికి గాలి లేకుండా చేస్తుంది, ఎక్కువ మోతాదులో గుండె లయ కూడా తప్పిస్తుంది. ఎవరైనా తూలితే ముందు బయటికి తీసుకురండి. డాక్టరుకు ఏ గ్యాసో తప్పకుండా చెప్పండి, కొన్ని ఇంజెక్షన్లు ఆ పరిస్థితిలో గుండెకు మంచివి కావు. గ్యాస్ లీకైన చోట బీడీ, వెల్డింగు రెండూ వద్దు. మంట తగిలితే 134ఏ విడిపోయి హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది, ముక్కు, గొంతు మండిపోతాయి. పాత మేస్త్రీల దగ్గర లీకు చూసే మంట టార్చి ఇంకా ఉంటుంది. అది క్లోరిన్ ఉన్న ఆర్‌12, ఆర్‌22లకు పనిచేసేది. 134ఏ లీకును అది చూపించదు.

కొత్త, ఖరీదైన కొన్ని కార్లలో ఆర్‌1234వైఎఫ్ వస్తోంది. దాని పోర్టులు వేరు, కొంచెం మండే స్వభావం ఉంది, మెషీన్ వేరే కావాలి. ధర చూసి దాంట్లో 134ఏ పోసేవాళ్లున్నారు, మీ బావమరిదిని ఆ పని చేయొద్దనండి.

ఎలక్ట్రిక్ కార్లు, హైబ్రిడ్లు అతని దగ్గరికి వస్తే ప్రస్తుతానికి తిప్పి పంపించేయమనండి. వాటి కంప్రెషర్ బెల్టుతో కాదు, వందల ఓల్టుల కరెంటుతో తిరుగుతుంది, నారింజ రంగు కేబుళ్లు దానికే. లోపలి నూనె కూడా కరెంటును ఆపే పీఓఈ రకం. మామూలు బళ్లకు వాడిన గొట్టాల్లో మిగిలిన పీఏజీ నూనె కొంచెం పోయినా ఇన్సులేషన్ దెబ్బతింటుంది, మరమ్మతు మొత్తం కంప్రెషర్ మార్చేదాకా పోవచ్చు.

మీ బండి విషయానికొస్తే, ఎక్కడికి తీసుకెళ్లినా పని మొదలుపెట్టే ముందు రెండు అడగండి. పాత గ్యాస్ తీసి ఎన్ని గ్రాములు వచ్చిందో చెప్తారా, కొత్తది కాటా మీద పెట్టి పోస్తారా. లేదంటే తాళాలు తీసుకుని వచ్చేయండి. అవునంటే పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు అప్పగించి, సాయంత్రం దాకా వాళ్ల దగ్గరే వదిలేయండి. బిల్లు మీద "గ్యాస్ చార్జింగ్" అని ఊరికే రాస్తే ఒప్పుకోకండి. లీకు ఎక్కడ దొరికింది, ఏం మార్చారు, ఎంత నూనె, ఎన్ని గ్రాముల గ్యాస్ అన్నది రాయించుకోండి. వచ్చే ఏడాది మళ్లీ కూలింగ్ తగ్గితే ఆ కాగితం చూపిస్తే చాలు, ఎక్కడ మొదలుపెట్టాలో చూసేవాడికి తెలుస్తుంది.